విశాఖలో చిన్న వ్యాపారానికి ప్రభుత్వ సాయం: దళారి లేకుండా ఎలా అందుకోవాలి

"సబ్సిడీ లోను ఎక్కడ ఇస్తారు?", "ఉద్యమ్‌కి ఎంత కట్టాలి?", "అప్లై చేసి నెలలు గడిచాయి, ఇప్పుడు ఎవరిని కలవాలి?" గాజువాక ఆటోనగర్ వెల్డింగ్ షాపుల నుంచి ఎంవీపీ కాలనీ టిఫిన్ సెంటర్ల దాకా మళ్లీ మళ్లీ వినబడే ప్రశ్నలివి. (ఉద్యమ్ అంటే సూక్ష్మ, చిన్న సంస్థగా కేంద్రం దగ్గర చేసుకునే నమోదు.) వీటన్నిటికీ జవాబులు వరుస క్రమంలో ఇక్కడ ఇస్తున్నాం. ఈ వరుస తప్పితే పని ఆగిపోతుంది. చాలామందికి ఆగిపోతున్నదీ అక్కడే.

ముందుగా ఒక స్పష్టత. నమోదు, దరఖాస్తు, సలహా, అవగాహన సదస్సులు, చాలా శిక్షణలు ఉచితం. లోను మాత్రం లోనే, తిరిగి కట్టాలి. సబ్సిడీ కూడా చేతికి నగదుగా రాదు, లోనులో సర్దుబాటు అవుతుంది. "రెండు లక్షలు ఫ్రీగా వస్తాయి, ఫైలు ఖర్చు పదివేలు" అని ఎవరైనా చెబితే అది అబద్ధం. ఆ పదివేలు మీ దగ్గరే ఉంచుకోండి, మార్జిన్ డబ్బుగా, అంటే ప్రాజెక్టులో మీరు పెట్టాల్సిన సొంత వాటాగా పనికొస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్ కార్డు, దానికి లింకైన మొబైల్. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. నంబరు మారి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి.
- పాన్ కార్డు.
- వ్యాపారం పేరు మీద కరెంట్ ఖాతా. లేకపోతే మీ ఖాతా 12 నెలల స్టేట్‌మెంటు.
- ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేస్తుంటే చివరి రెండు మూడేళ్లవి.
- జీఎస్టీ ఉంటే ఆ సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షలు, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితే సాధారణంగా జీఎస్టీ తప్పనిసరి. అంతకు లోపు వాళ్లు కేవలం లోను కోసం జీఎస్టీ తీసుకోనక్కర్లేదు.
- షాపు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు. తినుబండారాలైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు కూడా.
- వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం, దివ్యాంగుల సర్టిఫికెట్, చదువు సర్టిఫికెట్.
- కొనబోయే యంత్రాలకు జీఎస్టీతో సహా కొటేషన్లు.

అన్ని కాగితాల మీదా మీ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరం, బ్యాంకులో ఇంకోలా ఉండటం మన దగ్గర చాలా మామూలు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల కాగితాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. దరఖాస్తు మధ్యలో దిద్దడం కన్నా ముందే దిద్దుకోవడం తేలిక.

1. అవసరం ఒక్క వాక్యంలో రాయండి

పథకం పేరు పట్టుకుని బయల్దేరినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. అవసరం రాసుకుని వెళ్లినవాళ్లకు మొదటి రోజే దారి తెలుస్తుంది. "నాకు 3 లక్షల పిండి మర కావాలి." "స్టీల్ ప్లాంటుకు సరుకు ఇవ్వాలని ఉంది, ఎలాగో తెలియదు." "సరుకు ఇచ్చాను, డబ్బు రాలేదు." "ప్యాకింగ్ బాగాలేక సూపర్ మార్కెట్లు తీసుకోవడం లేదు." ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చోట్లకు వెళ్లాల్సిన పనులు. "వ్యాపారం పెంచుకోవాలి" అని రాస్తే మాత్రం అది ఎక్కడికీ తీసుకెళ్లదు.

2. మీరు ఏ జిల్లాలో ఉన్నారో తేల్చుకోండి

అనవసరంగా అనిపిస్తుంది కానీ, తిరుగుడు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. అనకాపల్లి పట్టణం జీవీఎంసీ పరిధిలో ఉన్నా జిల్లా మాత్రం అనకాపల్లి. అంటే పన్ను కట్టేది జీవీఎంసీకి, సబ్సిడీ ఫైలు వెళ్లేది అనకాపల్లి జిల్లా పరిశ్రమల కేంద్రానికి. పరవాడ, అచ్యుతాపురం, సబ్బవరం మండలాలవారూ అనకాపల్లి జిల్లాలోకే వస్తారు. గాజువాక, పెందుర్తి, భీమిలి, ఆనందపురం, పద్మనాభం విశాఖ జిల్లాలో ఉన్నాయి.

ఇల్లు ఒక జిల్లాలో, యూనిట్ ఒక జిల్లాలో ఉంటే యూనిట్ చిరునామానే లెక్క. పాత అద్దె ఒప్పందం మీద "విశాఖపట్నం జిల్లా" అని ఉండి స్థలం ఇప్పుడు అనకాపల్లిలో ఉంటే, ఒప్పందం కొత్తగా రాయించుకోండి.

3. ఉద్యమ్ నమోదు

దాదాపు ప్రతి సాయానికీ ఇదే గుమ్మం. 2020 జులై 1 నుంచి నడుస్తోంది. పూర్తిగా ఉచితం, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. సర్టిఫికెట్‌కు గడువు లేదు. "మీ ఉద్యమ్ ఎక్స్‌పైర్ అయింది, రెన్యువల్ ఫీజు కట్టండి" అని వచ్చే ఫోన్లన్నీ మోసాలే.

గూగుల్‌లో వెతికితే పైన కనిపించే సైట్లలో కొన్ని ప్రైవేటువి. చూడటానికి ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, చివర్లో డబ్బు అడుగుతాయి. చిరునామా చివర "జీఓవీ డాట్ ఇన్" ఉంటేనే ముందుకు వెళ్లండి. ఫీజు అడిగిందంటే మీరు తప్పు చోట ఉన్నట్టే.

నింపేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి:

యజమాని ఒక్కరే అయితే యజమాని ఆధార్, భాగస్వామ్యమైతే మేనేజింగ్ పార్ట్‌నర్ ఆధార్ ఇవ్వాలి. అకౌంటెంటు ఆధార్‌తో చేయించుకున్నవాళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడతారు.

కార్యకలాపం దగ్గర తయారీ, సేవలు, వర్తకం అని మూడు ఉంటాయి. ఇది చిన్న పెట్టెలాగే కనిపిస్తుంది కానీ దీని మీదే చాలా ఆధారపడి ఉంది. వర్తకులకు ఉద్యమ్ వల్ల వచ్చే మేలు ప్రధానంగా బ్యాంకు ప్రాధాన్య రుణం వరకే. ప్రభుత్వ కొనుగోళ్లలో వాటా, బాకీల వసూలు రక్షణ వారికి వర్తించవు. మీరు స్వయంగా పచ్చళ్లు పెట్టి అమ్ముతూ "వర్తకం" అని టిక్ పెడితే, మీ హక్కులు మీరే వదులుకున్నట్టు. అలాగని కొని అమ్మేవాళ్లు తయారీ అని రాయకూడదు, తనిఖీలో తేలిపోతుంది.

తర్వాత మీ వ్యాపారం ఏ రకమో తెలిపే అయిదంకెల ఎన్ఐసీ కోడ్. మీ పనికి దగ్గరగా ఉన్న కోడ్ వెతికి పెట్టండి. రెండు మూడు పనులు చేస్తుంటే అన్నీ ఒకే ఉద్యమ్‌లో చేర్చవచ్చు. ఒక సంస్థకు ఒకటే ఉద్యమ్.

2025 ఏప్రిల్ 1 నుంచి కొలతలు మారాయి. యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటనంత వరకు సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్న సంస్థ. ఇది చదివే చాలామంది సూక్ష్మ కిందికే వస్తారు.

సరిచూసుకోవడం ఎలా: సర్టిఫికెట్, దాని అనుబంధం డౌన్‌లోడ్ చేసి జిల్లా పరిశ్రమల కేంద్రం పేరు, కోడ్, చిరునామా చూడండి. విశాఖ బదులు అనకాపల్లి, లేదా అటుది ఇటు పడితే అదే సైట్‌లో ఉచితంగా దిద్దుకోవచ్చు.

జీఎస్టీ, పాన్ లేని బాగా చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ అసిస్ట్ వేదిక ఉంది. దాన్ని మీరు నేరుగా చేయలేరు, మీ బ్యాంకు చేస్తుంది. బ్రాంచిలో ఆ పేరు చెప్పి అడగండి.

ఒక ముఖ్యమైన మినహాయింపు: కొత్త యూనిట్‌కు పీఎంఈజీపీ (సబ్సిడీతో లోను ఇప్పించే కేంద్ర పథకం) సబ్సిడీ తీసుకోవాలనుకుంటే, యూనిట్ మొదలవకముందే "వ్యాపారం మొదలైంది" అని ఉద్యమ్‌లో రాయకండి. ఆ పథకం కొత్త యూనిట్లకే.

4. అవసరానికి తగిన పథకం

ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

కొత్తగా యూనిట్ పెట్టేవారికి: పీఎంఈజీపీ. తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల వరకు ప్రాజెక్టు వేయవచ్చు. 18 ఏళ్లు నిండాలి. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. కుటుంబంలో, అంటే భార్యాభర్తల్లో, ఒక్కరికే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, మాజీ సైనికులు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అయితే సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. మిగతావారికి సొంత వాటా 10 శాతం, సబ్సిడీ 15, 25 శాతాలు.

లెక్క వేసి చూడండి. ఒక మహిళ మర్రిపాలెంలో 10 లక్షల యూనిట్ పెడితే తన వాటా 50 వేలు, సబ్సిడీ 2.5 లక్షలు. అదే యూనిట్ ఆనందపురం మండలంలో పంచాయతీ పరిధిలోని గ్రామంలో పెడితే సబ్సిడీ 3.5 లక్షలు. పంచాయతీ పరిధి గ్రామం, మున్సిపాలిటీ పరిధి పట్టణం, అదీ నిబంధన. భీమిలి ఊరు పేరుకు బయటే ఉన్నా జీవీఎంసీలో ఉంది కనుక పట్టణమే. లక్ష రూపాయల సబ్సిడీ కోసం దూరం వెళ్లాలా వద్దా అన్నది రవాణా ఖర్చు కూడా లెక్కేసుకుని తేల్చుకోండి. సరుకు రోజూ పూర్ణా మార్కెట్‌కు చేర్చాల్సిన వ్యాపారమైతే ఆ లక్ష ఆటో కిరాయిల్లో కరిగిపోవచ్చు.

భూమి ఖర్చు ప్రాజెక్టులో కలపకూడదు. పాత షాపును కొత్త యూనిట్‌గా చూపించే ఆలోచనే వద్దు, సబ్సిడీ ఖరారయ్యే ముందు మనిషి వచ్చి చూస్తాడు. పీఎంఈజీపీకి కేంద్రం 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదం ఇచ్చింది. అందుకని దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో తాజా ప్రకటన చూసుకోండి.

ఇప్పటికే నడుస్తున్న వ్యాపారానికి: ముద్ర లోను. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. తరుణ్ తీసుకుని పూర్తిగా కట్టినవారికి 20 లక్షల వరకు తరుణ్ ప్లస్. పూచీకత్తు అడగరు. సబ్సిడీ మాత్రం లేదు, చాలామంది ఉందనుకుని వస్తారు. గతంలో పీఎంఈజీపీ లేదా ముద్ర తీసుకుని సక్రమంగా కట్టి లాభాల్లో ఉంటే, విస్తరణకు పీఎంఈజీపీ రెండో లోను ఉంది: తయారీకి కోటి, సేవలకు 25 లక్షల వరకు, 15 శాతం సబ్సిడీ.

తినుబండారాల తయారీకి: పీఎంఎఫ్ఎంఈ. దీని ఆమోదం కూడా 2025-26 వరకే ఇచ్చారు, తాజా ప్రకటన చూసుకోండి. పచ్చళ్లు, జంతికలు, చిరుధాన్యాల పిండి, ఎండుచేపల ప్యాకింగ్ లాంటివి. పాత యూనిట్ విస్తరణకూ వర్తించడం దీని పెద్ద మేలు. అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. ఇందులో జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. ప్రాజెక్టు రిపోర్టు, దరఖాస్తు, బ్యాంకు పని అన్నిటికీ సాయం చేస్తారు, వారి పారితోషికం ప్రభుత్వమే ఇస్తుంది. మీరు వారికి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇంత నేరుగా చేయి పట్టి నడిపించే ఏర్పాటు ఇంకే పథకంలోనూ లేదు, తప్పక వాడుకోండి. పొదుపు సంఘ సభ్యులు ఆహార తయారీలో ఉంటే ఒక్కొక్కరికి 40 వేల వరకు మూలధనం సంఘం ద్వారా వస్తుంది.

చేతి పనివారికి: పీఎం విశ్వకర్మ. మొత్తం 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, దర్జీ, మంగలి, చాకలి, తాపీ మేస్త్రీతో పాటు మన తీరానికి సరిగ్గా సరిపోయే పడవ తయారీ, చేపల వల తయారీ కూడా ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మల పనివారు బొమ్మల తయారీ కింద వస్తారు. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల ఈ-వోచర్, తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష, అది కట్టాక 2 లక్షల లోను. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఉచితం. కుటుంబానికి ఒక్కరికే. గత అయిదేళ్లలో పీఎంఈజీపీ తీసుకుంటే కుదరదు. ముద్ర, స్వనిధి (వీధి వ్యాపారుల లోను) పూర్తిగా కట్టేసి ఉంటే అడ్డు లేదు.

తోపుడుబండి, ఫుట్‌పాత్ వ్యాపారులకు: పీఎం స్వనిధి. 2025లో మార్చిన ప్రకారం మొదటి లోను 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు. పథకం 2030 మార్చి వరకు పొడిగించారు. వెండింగ్ గుర్తింపు కార్డు లేకపోతే జీవీఎంసీ పట్టణ సామాజికాభివృద్ధి విభాగం నుంచి సిఫారసు లేఖ తీసుకోవాలి. ఆర్కే బీచ్ దగ్గర బండి పెట్టేవారైనా, రైతుబజార్ బయట కూర్చునేవారైనా మొదటి మెట్టు ఇదే. చిన్న మొత్తమని వదిలేయకండి. ఇది సకాలంలో కట్టిన రికార్డే రేపు ముద్రకు పనికొస్తుంది.

డబ్బు కాకుండా నాణ్యత, మార్కెట్ కావాలంటే: జెడ్ సర్టిఫికెట్‌లో (తయారీ నాణ్యతకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) సూక్ష్మ సంస్థలకు ఫీజులో 80 శాతం, మహిళల సంస్థలకు పూర్తి రాయితీ. బ్రాండు పేరుకు ట్రేడ్‌మార్క్ ఫీజు ఉద్యమ్ ఉన్నవారికి 9,000 బదులు 4,500. మెషినింగ్, టూలింగ్ పనుల్లో ఉన్నవారు అచ్యుతాపురం దగ్గర పూడిలోని ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) టెక్నాలజీ సెంటర్‌లో శిక్షణల వివరాలు అడగండి.

5. ప్రాజెక్టు రిపోర్టు: బ్యాంకు దగ్గర ఎందుకు ఆగిపోతుంది

ఫైళ్లు తిరిగి రావడానికి ఎక్కువగా కారణమయ్యేది ఈ కాగితమే. నెట్ సెంటర్‌లో వేరేవాళ్ల రిపోర్టు తీసుకుని పేరు మార్చి ఇస్తారు. దాని మీద మేనేజరు రెండు ప్రశ్నలు అడిగితే దరఖాస్తుదారు దగ్గర జవాబుండదు. మీ లెక్క మీకు నోటికి రావాలి.

ఉదాహరణకు జంతికల యూనిట్ అనుకుందాం. రోజుకు 40 కిలోలు, హోల్‌సేల్ కిలో 220, నెలకు 25 రోజులు. అమ్మకం 2,20,000. పిండి, నూనె, గ్యాసు, ప్యాకింగ్ కలిపి కిలోకు 150 చొప్పున 1,50,000. ఇద్దరు పనివారికి 24,000. అద్దె, కరెంటు 12,000. మిగిలేది 34,000. 7 లక్షల లోను 11 శాతం వడ్డీతో అయిదేళ్లకైతే వాయిదా సుమారు 15,200. బాగానే ఉందనిపిస్తుంది.

కానీ మొదటి ఏడాది ఎవరూ పూర్తి సామర్థ్యంతో అమ్మలేరు. 70 శాతమే అమ్మితే? అమ్మకం 1,54,000, సరుకు ఖర్చు 1,05,000. జీతాలు, అద్దె తగ్గవు. మిగిలేది 13,000. వాయిదాకే చాలదు. అదే లోను ఏడేళ్లకు పెడితే వాయిదా సుమారు 12,000, అంటే గొంతు దాకా వచ్చి ఆగుతుంది. అప్పుడు చేయాల్సింది లెక్కను అందంగా మార్చడం కాదు. మొదటి ఆరు నెలలు మారటోరియం (వాయిదా కట్టనక్కర్లేని గడువు) అడగండి, మొదట్లో ఒక్క పనివారితో మొదలెట్టండి, లేదా చిన్న యంత్రం తీసుకుని లోను తగ్గించుకోండి. సాధారణంగా వాయిదాకు ఒకటిన్నర రెట్లు మిగులు కనిపిస్తే బ్యాంకుకు ధైర్యం. మిగులు, వాయిదా, 70 శాతం అమ్మకం, ఈ మూడు అంకెల మీద మీరే ముందుగా మాట్లాడితే మేనేజరు గారు ఫైలు పక్కన పెట్టరు.

రిపోర్టులో ఎవరికి అమ్ముతారో పేర్లతో రాయండి. రెండు మూడు కిరాణా షాపుల నుంచి "ఇంత సరుకు తీసుకుంటాం" అని లెటర్‌హెడ్ మీద రాయించి జత చేస్తే చాలా బలం. కొటేషన్లు అదే యంత్రానికి కనీసం రెండు చోట్ల నుంచి తెచ్చుకోండి. కొటేషన్‌లో రేటు పెంచి రాయించి తేడా డబ్బు వెనక్కి తీసుకునే పని చేయకండి. అది నేరం, పైగా పెరిగిన లోను కట్టాల్సింది మీరే.

6. దరఖాస్తు, తర్వాత ఆఫీసు

ముందు ఆన్‌లైన్, తర్వాత మనిషి. పీఎంఈజీపీకి దాని పోర్టల్‌లో, ముద్రకు బ్యాంకులో నేరుగా లేదా జనసమర్థ్ అనే ప్రభుత్వ లోన్ల పోర్టల్‌లో. దరఖాస్తు నంబరు, తేదీ ప్రింటు తీసి ఫైలు మొదటి పేజీగా పెట్టుకోండి.

తర్వాత విశాఖ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, మీ మండలం చూసే అధికారి ఎవరో అడిగి కలవండి. కేంద్ర ప్రభుత్వ ఎంఎస్ఎంఈ అభివృద్ధి, సౌకర్య కల్పన కార్యాలయం ఆటోనగర్‌లో ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలకు అమ్మడం, శిక్షణలు, వెండర్ (సరఫరాదారుల) సదస్సుల గురించి అక్కడ అడగాలి. లోను ఫైలు పట్టుకుని అక్కడికి, వెండర్ పని మీద పరిశ్రమల కేంద్రానికి వెళ్లి తిరిగి రావడం చాలామంది చేసే పొరపాటు.

గేటు దగ్గర "నేను చేయిస్తా" అనేవాళ్లు కనిపిస్తారు. ఈ పథకాలకు ఏ ఏజెంటునూ ప్రభుత్వం నియమించలేదు. ఫారం నింపడం రాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో నింపించుకుని రసీదు తీసుకోండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి.

7. బ్యాంకు

మీ ఖాతా ఉన్న బ్రాంచి, యూనిట్‌కు దగ్గరగా ఉన్న బ్రాంచి ఒకటే అయితే ఉత్తమం. వెళ్లే ముందు క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. ఎప్పుడో ఫోన్ కొన్న ఈఎంఐలో వెయ్యి రూపాయలు మిగిలిపోయి ఉండటం, స్నేహితుడికి పెట్టిన పూచీకత్తు చెడిపోవడం అందులో బయటపడతాయి. పాతబాకీ కట్టి, నో డ్యూ లేఖ తీసుకున్నాకే దరఖాస్తు చేయండి.

పూచీకత్తు అడిగితే మర్యాదగానే చెప్పండి: సూక్ష్మ, చిన్న సంస్థలకు 2026 ఏప్రిల్ 1 నుంచి మంజూరయ్యే లోన్లలో 20 లక్షల వరకు (అంతకు ముందు 10 లక్షల వరకు) పూచీకత్తు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ పైన మొత్తాలకు మీ తరఫున బ్యాంకుకు హామీ ఉండే సీజీటీఎంఎస్ఈ ట్రస్టు గ్యారంటీ ఉంది. 25 లక్షల లోపు దరఖాస్తుల మీద 14 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. అయితే ఆ లెక్క మీరు అన్ని కాగితాలూ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. అందుకే కాగితాలు ఇచ్చినప్పుడు జాబితా రాసి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. "మేనేజరు లేరు, రేపు రండి" అన్న మాటలను నెలల తరబడి నమ్ముతూ కూర్చోవద్దు, ఒక లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి.

8. మంజూరయ్యాక

పీఎంఈజీపీ సబ్సిడీ బ్యాంకులో మీ పేరు మీద విడిగా మూడేళ్లు ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు, లోనులో అంత భాగానికి మీ దగ్గర వడ్డీ వసూలు చేయరు కూడా. నెలనెలా లోను స్టేట్‌మెంటు చూడండి. పూర్తి మొత్తం మీద వడ్డీ వేస్తుంటే వెంటనే బ్రాంచిలో అడగాలి.

మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తున్నట్టు తనిఖీలో తేలితేనే సబ్సిడీ లోనుకు జమ అవుతుంది. బోర్డు, యంత్రాలు, బిల్లులు అలాగే ఉండాలి. షాపు మారితే ముందే తెలపండి. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల డబ్బు) కోసం క్యాష్ క్రెడిట్ (అవసరమైనప్పుడల్లా వాడుకుని కట్టే లోను) పరిమితి తీసుకుంటే ఆ మూడేళ్లలో ఒక్కసారైనా దాన్ని పూర్తిగా వాడాలి, మొత్తం మీద వాడకం 75 శాతానికి తగ్గకూడదు. "వడ్డీ మిగులుతుంది కదా" అని ముట్టుకోకుండా ఉంచినవారికి సబ్సిడీ దగ్గర చిక్కు వస్తుంది.

సబ్సిడీ క్లెయిముకు ముందే ఈడీపీ (వ్యాపార నిర్వహణ) శిక్షణ పూర్తి కావాలి. ఆ సర్టిఫికెట్ బ్యాంకుకు అందిందో లేదో మీరే చూసుకోండి. తయారీ యూనిట్లు రాష్ట్ర ఎంఎస్ఎంఈ విధానం 2024-29 కింద రాయితీలకు విడిగా దరఖాస్తు చేయాలి. వాటికి ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి గడువు లెక్కేస్తారు కనుక మొదటి అమ్మకం బిల్లు, మొదటి కరెంటు బిల్లు దాచి, ఆ వారమే పరిశ్రమల కేంద్రంలో గడువు అడిగి రాసుకోండి.

9. విశాఖకున్న పెద్ద వెసులుబాటు: ప్రభుత్వ సంస్థలకు అమ్మడం

స్టీల్ ప్లాంటు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పోర్టు, హిందుస్థాన్ షిప్‌యార్డు, భెల్, తూర్పు నౌకాదళం. ఇంతమంది ప్రభుత్వ కొనుగోలుదారులు ఒక్క ఊళ్లో ఉండటం అరుదు. లోనుల కోసం తిరిగేవారిలో సగం మంది ఈ వైపు చూస్తే బాగుంటుందని మా గట్టి అభిప్రాయం. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలది, 3 శాతం మహిళలది. టెండరు డిపాజిట్ మినహాయింపు ఉంటుంది. మీ ధర అతి తక్కువ ధరకన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ తక్కువ ధరకు దిగి వచ్చి కొంత భాగం సరఫరా చేసే అవకాశం ఇస్తారు.

ప్రభుత్వ శాఖలు సరుకు కొనే జెమ్ పోర్టల్‌లో అమ్మకందారుగా నమోదు ఉచితం. ఉద్యమ్ నంబరు తప్పక చేర్చండి, అది లేకుండా పై రాయితీలు కనిపించవు. ముందుగా గ్లౌజులు, బోల్టులు, చిన్న ఫాబ్రికేషన్, క్యాంటీన్ సరుకు లాంటి చిన్న ఆర్డర్లతో మొదలుపెట్టండి. సరఫరా గడువు తప్పితే రేటింగ్ పడిపోతుంది కనుక చేయగలిగినంతకే బిడ్ వేయండి.

ఎవరికి ఇచ్చినా డబ్బు ఆగిపోతే: రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటి ఆపకూడదని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ బాకీల ఫిర్యాదు పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు. సరుకు ఇచ్చే నాటికే మీకు ఉద్యమ్ ఉండాలి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించుకోవడం, డెలివరీ చలానా మీద తేదీతో సంతకం తీసుకోవడం ఈరోజు నుంచే అలవాటు చేసుకోండి. ఈ రెండు కాగితాలూ లేక ఓడిపోయే ఫిర్యాదులు ఎక్కువ.

పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం

ప్రతి పోర్టల్‌లోనూ దరఖాస్తు నంబరుతో స్థితి కనిపిస్తుంది. వారానికి ఒక రోజు పెట్టుకుని చూడండి. "బ్యాంకుకు పంపబడింది" అని ఉంటే ఇక పరిశ్రమల కేంద్రం చుట్టూ తిరగకండి, బ్రాంచికి వెళ్లండి. "తిరిగి పంపబడింది" అని ఉంటే కారణం అక్కడే రాసి ఉంటుంది, దిద్ది మళ్లీ పంపాలి. కొత్త దరఖాస్తు వేయకండి, రెండు నంబర్లుంటే రెండూ ఆగిపోతాయి.

ఎక్కడైనా కదలకపోతే ఈ వరుసలో వెళ్లండి. ముందు బ్రాంచి మేనేజరుకు లేఖ. తర్వాత ఆ బ్యాంకు జోనల్ ఆఫీసుకు, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజరుకు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదుల విచారణాధికారికి) ఉచితంగా రాయవచ్చు, 14448కు ఫోన్ చేసి విధానం అడగవచ్చు. ప్రభుత్వ ఆఫీసు వైపు ఆలస్యమైతే చిన్న సంస్థల ఫిర్యాదులు తీసుకునే కేంద్ర ఛాంపియన్స్ పోర్టల్, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ అర్జీ ఇచ్చేటప్పుడు దరఖాస్తు నంబరు, తేదీలు, ముద్ర వేయించుకున్న జాబితా నకలు జత చేయండి. అర్జీ ఒక్క పేజీ దాటనివ్వకండి, మొదటి వాక్యంలోనే ఏం కావాలో రాయండి.